దుబాయ్ ఆఫర్ వచ్చింది... ఫ్యామిలీకి సరిపోతుందా?

"అన్నా, దుబాయ్ ఆఫర్ వచ్చింది, ఫ్యామిలీని తీసుకెళ్లొచ్చా?" అని చాలామంది తమ్ముళ్లు అడుగుతున్నారు. నేను చెప్పే మొదటి మాట: జీతాన్ని రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి. అక్కడ ఖర్చు కూడా దిర్హామ్‌ల్లోనే.

నెలకు 4,000 దిర్హామ్‌ల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉంటే భార్యాపిల్లల వీసాకి అప్లై చేయొచ్చు. అది వీసాకి అర్హత, అంతే. హాయిగా బతకడానికి లెక్క వేరే.

ముందు ఇల్లు. అద్దె ఏడాదికి మాట్లాడుకుంటారు, చెక్కులు ముందే ఇవ్వాలి. నాలుగు చెక్కులంటే మూడు నెలల అద్దె మొదట్లోనే పోతుంది. పైగా డిపాజిట్, ఏజెంట్ కమిషన్. తర్వాత స్కూల్. మన పిల్లలు చదివేది ఎక్కువగా ప్రైవేట్ స్కూళ్లలోనే. ఫీజుతో పాటు బస్సు ఖర్చూ ఉంటుంది. మూడోది హెల్త్ ఇన్సూరెన్స్. మీకు కంపెనీ చేయించాలి. భార్యాపిల్లలకు కంపెనీ ఒప్పుకోకపోతే మీరే కట్టాలి.

ఇవన్నీ, తిండి, ప్రయాణాలు తీసేశాక ఎంత మిగులుతుందో చూడండి. దాన్ని ఇక్కడ మీ ఇంట్లో నెలనెలా మిగిలేదానితో పోల్చండి. మీ ఆవిడ ఉద్యోగం మానేసి వస్తుంటే, ఆ జీతం పోవడం కూడా లెక్కలో వేయండి.

బేసిక్ ఎంతో కూడా అడగండి. గ్రాట్యుటీ లెక్కించేది దాని మీదే.

నా సలహా: ఇల్లు, స్కూల్, ఇన్సూరెన్స్ గురించి ఆఫర్ లెటర్‌లో రాసిస్తేనే అందరూ కలిసి బయల్దేరండి. నోటిమాటే అయితే ముందు మీరొక్కరే వెళ్లండి. ఆరు నెలల ఖర్చు చూశాక పిల్లల టీసీ తీసుకోవచ్చు.