పెద్దల తీవ్ర లుకేమియా: జన్యుమార్పులు, రోగ భవితవ్యం

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన అమినోప్టెరిన్‌ అనే మందు పిల్లల లుకేమియాను తాత్కాలికంగానైనా తగ్గిస్తుందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించినప్పుడు, జన్యువులను మోసే క్రోమోజోములు మానవకణంలో 46 ఉంటాయన్న సంగతైనా ఇంకా తేలలేదు. అది 1956లో స్థిరపడింది.

ఎముక మజ్జలో అపక్వ రక్తకణాలు అదుపు తప్పి పెరిగే ఈ వ్యాధి పెద్దలలో ఎటు తిరుగుతుందన్నది, అంటే రోగ భవితవ్యం, నేడు వయస్సుతో పాటు ఆ కణాల జన్యులోపాన్ని బట్టే ప్రధానంగా అంచనా వేస్తున్నారు. ఈ లోపాలు చాలావరకు వంశపారంపర్యమైనవి కావు కనుక, ఇంట్లో ఒకరికి వ్యాధి వచ్చిందని పెళ్లి సంబంధాలు మానుకోవడం అర్థరహితం.

8, 21 క్రోమోజోముల ముక్కలు పరస్పరం మారితే ఫలితం సాధారణంగా మెరుగు. టీపీ53 జన్యువు చెడినా, ఒక 7వ క్రోమోజోము లోపించినా కష్టం. 9, 22ల మార్పిడితో ఏర్పడే ఫిలడెల్ఫియా క్రోమోజోము ఒకప్పుడు భయం గొలిపేది. ఇమాటినిబ్ వంటి మందులు ఆ భయాన్ని చాలావరకు తగ్గించాయి.

అన్నిటికంటే విచిత్రమైనది 15, 17ల మార్పిడి వల్ల కలిగే ప్రోమైలోసైటిక్ రకం: రక్తస్రావంతో తొలిరోజుల్లోనే ప్రాణం తీయగల ఈ వ్యాధి, విటమిన్ ఏ సంబంధిత ట్రెటినాయిన్, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ల వల్ల ఇప్పుడు అత్యధికులలో నయమవుతోంది. పమిడిముక్కల వంటి పల్లె నుంచి విజయవాడకో హైదరాబాదుకో వెళ్లిన రోగికి మజ్జ నమూనాను కీమోథెరపీకి ముందే తీస్తారు; అయితే ఈ రకమని అనుమానం కలిగితే, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యులు వెంటనే ట్రెటినాయిన్ మొదలుపెడతారు.