తెరమీది యిండ్ల దళారులు

(పఠనమందిర వార్షికసభలో చేసిన యుపన్యాసము)



ఈ సభకు వచ్చునపుడు మందిరపు వసారాలో నిద్దరు యువకులు గట్టిగా వాదించుకొనుచుండిరి. పత్రికలు వారి ముందు బల్లమీద మడిచినవి మడిచినట్లే యున్నవి. ఏ యెన్నికను గూర్చిన వివాదమో యని మేము దగ్గరకు పోతిమి. అది యెన్నికను గూర్చినది కాదు. అమెరికా దేశమున లాస్ ఏంజిలస్ నగరములో ఇండ్లు అమ్మించు నొక స్త్రీ మంచిదా, చెడ్డదా యనునది వారి తగవు. 'ఆమె కటికపేదరికము నుండి పైకి వచ్చినది, నమ్మదగిన మనిషి' యని యొకడనెను. 'అంతకు మునుపు ఆమె నటి. కన్నీరు కార్చుట ఆమెకు నేర్చిన విద్య' యని రెండవవాడనెను. ఇరువురిలో నెవ్వరును ఆమెను కన్నులార చూచినవారు కారు. ఆమెచేత ఇల్లు కొనబోవువారును కారు. అయినను తీర్పు చెప్పుటకు మాత్రము ఇరువురును సిద్ధముగా నుండిరి. మాది న్యాయవాదవృత్తి. సాక్ష్యము పూర్తిగా వినకయే తీర్పు చెప్పువారిని చూచినపుడు ఊరకుండుట మాకు అలవాటు లేదు. కావున ఆ తగవునే నేటి యుపన్యాసమునకు విషయముగా గైకొంటిమి.

ఈ వినోదము నెరుగనివారి కొరకు రెండు మాటలు చెప్పవలెను. ధనవంతుల భవనములను అమ్మించు ఏజెంట్లను కథానాయకులుగను కథానాయికలుగను నిలిపి అమెరికా టెలివిజనువారు ప్రదర్శనములు కల్పించిరి. వీనిని రియాలిటీ షోలు అందురు. 2006లో బ్రావో ఛానెలు 'మిలియన్ డాలర్ లిస్టింగ్' అను పేర లాస్ ఏంజిలస్ ఏజెంట్ల కథను ప్రారంభించినది. 2012లో న్యూయార్కు నగరపు కథ దానికి తోడైనది. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ 'సెల్లింగ్ సన్‌సెట్' అను ప్రదర్శనమును వెలువరించినది. ఓపెన్‌హైమ్ గ్రూప్ అను సంస్థలో పనిచేయు స్త్రీల స్నేహములు, కలహములు, పెండ్లిండ్లు, విడాకులు అందలి కథ. ఇల్లు తెరమీదికి వచ్చినపుడు పడకగదులెన్ని, ధర యెంత, కమీషను ఎంత యని అంకెలు చూపుదురు. ఆ యంకెలు కొన్ని క్షణములు నిలుచును. కలహము కథ పొడవునను నిలుచును. చూచువాడు దేనిని జ్ఞాపకముంచుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున ప్రేక్షకులు కూడినచోట నెల్ల ఈ ఏజెంట్ల పుట్టుపూర్వోత్తరములే ప్రసంగము. జేసన్ ఓపెన్‌హైమ్ ఈ వ్యాపారములోనికి రాకమునుపు న్యాయవాది. రయన్ సర్హాంట్ టెలివిజను ధారావాహికలో వేషము వేసిన నటుడు. లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలిన 2008వ సంవత్సరముననే న్యూయార్కులో ఇండ్ల బేరములు మొదలుపెట్టెను. ఫ్రెడ్రిక్ ఎక్లుండ్ స్వీడను దేశపువాడు. మాయా వాండర్ ఇజ్రాయెలు నుండి, డవీనా పొట్రాట్జ్ జర్మనీ నుండి వచ్చినవారు. క్రిషెల్ స్టౌస్ కెంటకీ రాష్ట్రమున పుట్టి, బాల్యమున కొంతకాలము కుటుంబముతో గూడ ఇల్లు లేక గడిపితినని తానే బహిరంగముగా చెప్పినది. తరువాత ధారావాహికలలో నటించి, పిదప ఇండ్ల వ్యాపారమున ప్రవేశించినది. వసారాలోని యువకుల తగవు ఈమెను గూర్చియే.

ఇట్టి కుతూహలము నీచమని మేము చెప్పము. 'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు ఈ రెంటిని ఒక్క త్రాసులో వేసిరి. పెండ్లి సంబంధమునకు వంశము విచారించువారము, జీవితకాలపు సంపాదన యంతయు ధారపోసి కొను ఇంటికి నడుమ నిలుచు మనిషి యెట్టివాడో విచారింపవలదా? విచారింపవలసినదే. అయితే, ఏ సాక్ష్యమును బట్టి విచారించుచున్నాము, ఏ ప్రశ్న నడుగుచున్నాము అనునదే ముఖ్యము.

ముందు సాక్ష్యము సంగతి చూతము. న్యాయస్థానమున సాక్షి ప్రమాణము చేయును; ఎదుటిపక్షపు వకీలు క్రాసు పరీక్ష చేయును; అతడు చెప్పినదంతయు రికార్డున కెక్కును. తెరమీద నీ మూడును లేవు. దినములకొలది తీసిన చిత్రములో గంటకు తక్కువైన భాగమే మనకు చేరును. కత్తిరించి కూర్చు హక్కును పాల్గొనువారు నిర్మాతలకు ముందుగనే వ్రాసియిచ్చుట ఆ పరిశ్రమలో ఆచారము. సోమవారపు మాటకు బుధవారపు ముఖమును అతికింపవచ్చును. 'సెల్లింగ్ సన్‌సెట్'లో కలహకారిణిగ పేరుపడిన క్రిస్టీన్ క్విన్, అందలి కథలలో అనేకములు కల్పితములని 2022లో తానే బహిరంగముగా ప్రకటించినది. ఆమె మాట యెంతవరకు నిజమో మనకు తేల్చు సాధనము లేదు; ఆమెను దుష్టురాలని తేల్చుటకును అంతకంటె మంచి సాధనము లేదు. 1999 నుండి వచ్చిన 'హౌస్ హంటర్స్' అను ప్రదర్శనమున మూడిండ్లు చూచి ఒకటి యెన్నుకొనినట్లు చూపుదురు. ఆ యిల్లు అప్పటికే కొనియుంటిమని అందు పాల్గొనిన యొకరు 2012లో వెల్లడించిరి. ఇల్లే ముందుగ కొన్నదైనప్పుడు, దానిని చూచి ముఖమున వెలిగిన ఆశ్చర్యము ఏపాటి సాక్ష్యము?

మరియొక సంగతి. మేము విన్నంతవరకు, పురుషుడైన ఏజెంటును ఎన్ని భవనములు అమ్మెనని తూచుచున్నారు. స్త్రీయైన ఏజెంటును ఎవరితో కలహించినదని తూచుచున్నారు. ఇరువురును వ్రాసినది ఒకే పరీక్ష, పొందినది ఒకే లైసెన్సు. ఈ యన్యాయము మన వసారాకును వచ్చినది గనుక చెప్పుచున్నాము.

ఇక ప్రశ్న సంగతి. 'ఆమె పేదరికమెరిగినది గనుక మంచిది' అనుట దయగల మాట, తర్కము కాదు. కష్టమెరిగి కరుణ నేర్చినవారు కలరు, కష్టమెరిగి కాఠిన్యము నేర్చినవారును కలరు. అదియునుగాక, ఒకామె బాల్యపు నిరాశ్రయత్వమునకు కరగిన మనస్సు ఆ నగరపు వీధులకు ఏల పోలేదు? 2024 గణనలో లాస్ ఏంజిలస్ కౌంటీయందు నిరాశ్రయులు డెబ్బదియైదు వేలకు పైబడి యుండిరి. నగరమున ఏబది లక్షల డాలర్లకు మించిన అమ్మకముమీద నూటికి 4 వంతులు, కోటి డాలర్లును అంతకు మించిన దానిమీద నూటికి 5.5 వంతులు పన్ను వేసి, ఆ సొమ్మును పేదల వసతికి వినియోగింపవలెనని 2022 నవంబరులో ఓటర్లు తీర్మానించిరి; 2023 ఏప్రిలు 1 నుండి అది అమలునకు వచ్చినది. దీనివలన అమ్మకములు కుంటుపడునని కొందరు, తలదాచుకొన చోటు లేనివారికి ఇదియే దిక్కని మరికొందరు వాదించిరి. ఏజెంటు స్వభావము తెలియగోరువాడు, ఇట్టి పన్నుమీద అతని యభిప్రాయమేమని అడిగిన కొంత తెలిసికొనును. విందులో ఎవరు ఎవరిని పలుకరింపలేదని అడిగిన ఏమి తెలియును?

ఏజెంటు అనగా పరునికి ప్రతినిధి. కావున వాని విషయమున మొదటి ప్రశ్న 'వీడెవడు?' అని కాదు, 'వీడెవరి పక్షము?' అని. కాలిఫోర్నియాలో అమ్మువాని ఏజెంటు, యజమాని వ్రాతపూర్వకమైన యనుమతి లేక, అతడు తక్కువ ధరకు ఒప్పుకొనునని కొనువానితో చెప్పరాదు. ఇరుపక్షములకును ఒక్కడే పనిచేయవచ్చును గాని ఆ సంగతి ఇరువురికిని తెలిపి యొప్పించుకొనవలెను. అట్టివానికి ఇద్దరు యజమానులు. ఒకరికి లాభమైన ప్రతి డాలరును రెండవవారికి నష్టము. ఎంత సౌమ్యుడైనను ఆ చిక్కు తప్పదు.

రెండవ ప్రశ్న: అర్హత యేది? అచ్చట సేల్స్ లైసెన్సునకు 135 గంటల చదువును, ప్రభుత్వపరీక్షయును ఉండవలెను. ఎవనికి లైసెన్సు కలదో, వానిమీద ప్రభుత్వము తీసికొనిన క్రమశిక్షణ చర్య యేమైన నున్నదో, రాష్ట్రశాఖవారి జాబితాలో ఎవరైనను ఉచితముగ చూచుకొనవచ్చును. ఇదియే అసలైన పూర్వవృత్తాంతము.

మూడవ ప్రశ్న: కూలి యెవరిచ్చుచున్నారు, ఎంత? అమెరికాలో చిరకాలము నూటికి 5 లేక 6 వంతులు కమీషనుగ అమ్మువాడిచ్చుటయు, దానిని ఇరుపక్షముల ఏజెంట్లు పంచుకొనుటయు వాడుక. కోటి డాలర్ల యింటిమీద నూటికి 3 వంతులన్న మూడు లక్షల డాలర్లు. అందు సంస్థకు భాగము పోగా మిగిలినది ఏజెంటుది. కొనువాని ఏజెంటునకు కూలి అమ్మువాని సొమ్ములోనుండి వచ్చుచు, ధర పెరిగినకొలది పెరుగుచుండెను. ఈ పద్ధతి పోటీని అణచినదని మిస్సోరి రాష్ట్రమున ఇండ్లమ్మినవారు దావా వేసిరి. 2023 అక్టోబరు 31న జ్యూరీ వారి పక్షమున సుమారు 178 కోట్ల డాలర్లకు తీర్పు చెప్పినది. 2024 మార్చిలో జాతీయ రియల్టర్ల సంఘము 41 కోట్ల 80 లక్షల డాలర్లిచ్చుటకు ఒడంబడినది. 2024 ఆగస్టు 17 నుండి ఆ సంఘపు ఏజెంటు, కొనువానికి ఇల్లు చూపుటకు ముందే తన కూలిని వ్రాతమూలముగ ఒప్పందము చేసికొనవలసి వచ్చినది. చూచితిరా! తెరమీద రెండు క్షణములు మెరసిపోవు అంకె న్యాయస్థానమున నింత తగవు రేపినది. ఎన్ని సంవత్సరములు చూచినను కలహముల మూలమున ఈ సంగతి మనకు తెలియదు.

తెరకు వెలుపల మనిషి గుణము తెలియు సందర్భములును లేకపోలేదు. 2025 జనవరిలో లాస్ ఏంజిలస్ ప్రాంతమున కార్చిచ్చు రేగి పదునారు వేలకు పైగా కట్టడములు కాలిపోయినవి. విపత్తు ప్రకటింపబడిన పిదప అద్దెలను నూటికి పదివంతులకు మించి పెంచరాదని కాలిఫోర్నియా చట్టము. ఆ మితిని దాటి కొందరు గృహస్వాములు అద్దెలు పెంచుచున్నారని జేసన్ ఓపెన్‌హైమ్ బి.బి.సి.తో బహిరంగముగ చెప్పెను. ఈ మాటను మేము మెచ్చుకొనుచున్నాము. చెప్పినవాడు తెరమీద ప్రసిద్ధుడు గనుక కాదు; ఆ మాటను చట్టముతో పోల్చి నిజానిజములు తేల్చుకొనవచ్చును గనుక.

సోదరులారా! దూరపు నగరపు కథ మనకేల యందురేమో. మా కచేరీకి వచ్చు కక్షిదారులలో అడ్వాన్సు ఇచ్చి మోసపోయిన పిదప వచ్చువారు కొందరుందురు. 'ఆ మధ్యవర్తి నెట్లు నమ్మితివయ్యా?' యని మేమడుగుదుము. 'మన ఊరివాడే', 'మన కులమువాడే', 'పాపము, కష్టపడి పైకి వచ్చినవాడు', 'మాట మెత్తనిది' అని చెప్పుదురు. వసారాలోని యువకులు చెప్పిన కారణములును ఇవియే కదా! వారికి పోయినది ఒక సాయంకాలము. వీరికి పోయినది కూతురి పెండ్లికి దాచిన సొమ్ము, తండ్రి అమ్మిన పొలపు ధర. పరులను తెరమీద చూచి తీర్పుచెప్పు అలవాటు ముదిరినకొలది, పైమాటను బట్టి నమ్ము అలవాటును ముదురునని మా భయము.

మన దేశమునను 2016లో రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టము వచ్చినది. రిజిస్టరు కావలసిన ప్రాజెక్టులలో ప్లాటుగాని ఫ్లాటుగాని అమ్మించు ఏజెంటు తానును రిజిస్టరు కావలెనని దాని 9వ సెక్షను చెప్పుచున్నది. తెలంగాణమునను ఆంధ్రప్రదేశమునను రెరా సంస్థలు కలవు. ఆ నంబరు చూచితివా యని అడిగినపుడు తల వంచుకొనని కక్షిదారుని మేమింతవరకు చూడలేదు.

కావున కార్యదర్శిగారికి మా విన్నప మొకటి. వసారా గోడమీద నాలుగు ప్రశ్నలు పెద్దయక్షరములతో వ్రాయించి వ్రేలాడదీయింపుడు: ఈ మధ్యవర్తి యెవరి పక్షము? వీని రిజిస్ట్రేషను నంబరేది? వీనికి కూలి యెవరిచ్చుచున్నారు, ఎంత? చూపిన దస్తావేజులను మరియొకరికి చూపించితిమా? ఆ యువకులిద్దరును ఇప్పుడీ సభలోనే వెనుకవరుసను కూర్చున్నారు. వారు ప్రదర్శనము మానవలెనని మేము కోరము. ఈసారి చూచునపుడు ఆ నాలుగు ప్రశ్నలును ప్రక్కన పెట్టుకొని చూచి, వేనికి జవాబు దొరికినదో వచ్చి మాకు చెప్పవలెనని కోరుచున్నాము.