బట్టమేక పిట్ట - దూరపు కటకము



కర్నూలు సీమ పెద్దలకు బట్టమేక పిట్ట పేరు క్రొత్త కాదు. మీటరు ఎత్తున నిలిచి గడ్డిబయళ్లలో నడచు ఈ పక్షి కొరకే ప్రధానముగా, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడున 1988లో అభయారణ్యము ఏర్పడినది. ఇది సాధారణముగా ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును, అదియును వట్టి నేలపైన. మనిషి దగ్గరకు పోయినచో తల్లి లేచిపోవును. గ్రుడ్డు కాకికో కుక్కకో ఎండకో పాలగును.

ఇట్టి పక్షిని ఛాయాచిత్రము తీయుటకే దూరపు కటకము, అనగా టెలిఫోటో లెన్సు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకము మామూలు. దానికి మారుగా 400 మిల్లీమీటర్లది బిగించినచో, 80 గజముల దూరపు పక్షి 10 గజములలో నున్నట్లు చిత్రమున పడును. అయితే చేతి వణుకు కూడ ఎనిమిదింతలగును. ముక్కాలి స్టాండు తప్పదు. మధ్యాహ్నము నేల సెగకు గాలి తెరలాడి, ఎంత ఖరీదైన కటకమునకైనను బొమ్మ చెదరును. ఈ సంగతి దుకాణములో ఎవరును చెప్పరు! తెల్లవారిన తరువాత రెండు గంటలే మేలైన వేళ.

కొందరు ఇంత కటకముండియు ఇంకను దగ్గరకు ప్రాకుదురు. గ్రుడ్డు చుట్టునున్న గడ్డి పెరికి వెలుతురు చేయుదురు. అది చిత్రకళ కాదు, దోపిడి. పక్షి మెడ నిక్కించినదా, ఆగవలెను. నడక సాగించినదా, వెనుకకు రావలెను.

1980 దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు రోళ్లపాడులో ఈ పక్షులను పరిశోధించిరి. ఇటీవలి సంవత్సరములలో అక్కడ బట్టమేక కానవచ్చుట లేదు. కృష్ణజింకలు మాత్రము ఆ గడ్డిలో మేయుచున్నవి.