అన్నమే యౌషధము
(ఒక సభయందు చేసిన యుపన్యాసము)



క్షయరోగికి ప్రభుత్వము మందులను ఉచితముగా నిచ్చుచున్నది. ఇది శ్లాఘనీయము. కాని యా మందు పడు కడుపులో నన్నము గలదా యని విచారించుట వైద్యశాల పని కాదని మనము తలంచుచున్నాము. నేను మనవి చేయున దొక్కటే: క్షయరోగ విషయమున నన్నము దానము కాదు, ఔషధము.

ఇది యూహ కాదు. 2019 మొదలు 2022 వఱకు ఝార్ఖండు రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగుల కుటుంబములందు పరిశోధన జరిగినది. రోగులందఱకును ఆహారము నిచ్చిరి. ఒక వర్గమున వారి యింటివారికి సైతము తలకు నెలకు 5 కిలోల బియ్యము, ఒకటిన్నర కిలో కందిపప్పు, విటమినులు నిచ్చిరి. రెండవ వర్గమున నింటివారి కీయలేదు. ఆహార మందిన యిండ్లలో క్రొత్తగా క్షయ బారిన పడుట నూటికి 39 వంతులు తగ్గెనని 2023లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. మొదటి రెండు మాసములలో నూటికి 5 వంతులు బరువు పెరిగిన రోగులకు మరణాపాయము నూటికి 61 వంతులు తక్కువగా నుండెను. ఇంతటి ఫలము మాత్రవలన గలిగిన, దానిని మందనక మఱేమందుము?

ప్రభుత్వ మీ సత్యమును కొంత గుర్తించినది. నిక్షయ్ పోషణ యోజన క్రింద 2018 ఏప్రిలు నుండి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు నిర్ణయించినది. సంతోషమే. కాని ధనము వేఱు, అన్నము వేఱు. ఆ సొమ్ము అప్పులవాని చేతికి పోవచ్చును. మాత్రలకు బదులు వాని ఖరీదు చేతిలో బెట్టి రోగిని పంపుచున్నామా? 2022 నుండి నిక్షయ్ మిత్రలను పేర దాతలు ఆహారపు పొట్లముల నిచ్చుచున్నారు. వారికి నమస్కారము. అయినను, ఔషధము దాత దయపై నాధారపడరాదు.

ఆహారము వేఱొక శాఖ పనియని కొంద ఱందురు. న్యాయవాదిగా నేను వారికి రాజ్యాంగము 47వ యధికరణమును జూపుదును. ప్రజల పోషణస్థాయిని పెంచుట, ప్రజారోగ్యమును మెఱుగుపఱచుట, ఈ రెండును రాజ్యము యొక్క ప్రథమ కర్తవ్యములలోనివని యది యొకే వాక్యమున జెప్పుచున్నది. న్యాయస్థానము దీనిని బలవంతముగా నమలుపఱుపజాలదని 37వ యధికరణము చెప్పుట నిజమే. కాని పరిపాలనకు నివి మూలసూత్రములని యా యధికరణమే చెప్పుచున్నది. న్యాయస్థానము చేయజాలని పనిని ప్రజాభిప్రాయము చేయగలదు.

కావున వైద్యుని చీటీలో మాత్రల సరసనే బియ్యము, పప్పు, నూనె వ్రాయబడవలెను. మందు లిచ్చుచోటనే యవి రోగికిని, వాని యింటివారికిని అందవలెను. నెలనెలా బరువు తూచి వ్రాయవలెను. మందు నిండుకొన్నచో నడుగునట్లే, అన్న మందనిచో నధికారి నడుగుడు. అడుగుట మన హక్కు. ఇచ్చుట ప్రభుత్వ ధర్మము.