ఇంగ్లీషు వ్యాకరణమున నామవాచకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామ లెక్కలు వ్రాయువాడు ఇంగ్లీషు నామవాచకములను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱకు తోపవచ్చును. లెక్క యనగా పేర్ల పట్టికయే కదా! రైతు పేరు, పొలము పేరు, పైరు పేరు సరిగా లేనిచో అంకెలెంత సరియైనను లెక్క తప్పే యగును. ఆ యధికారముతోనే రెండు మాటలు విన్నవించుచున్నాను.

ఇంగ్లీషువారు నామవాచకమును ‘నౌన్’ అందురు. పేరను నర్థము గల లాటిను పదము ‘నోమెన్’ దానికి మూలము. మన ‘నామ’ శబ్దమునకు అది జ్ఞాతి. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల చుట్టఱికమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ప్రకటించెను. మన యాస్కుడు నిరుక్తమున పదములను నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతములని నాలుగుగా విభజించెను. అమరకోశమునకు అసలు పేరు నామలింగానుశాసనము. అమరము వల్లించిన మన పెద్దలు నామవాచకములతోనే చదువు ప్రారంభించిరి. కావున విషయము మనకు పరాయిది కాదు. మన పిల్లలకు చిక్కు నిర్వచనమున లేదు. ఒకే వస్తువును రెండు భాషలు రెండు విధముల చూచుటలో నున్నది.

మొదట లింగమును చూతము. చిన్నయసూరి బాలవ్యాకరణమున తెలుగు నామములు మహత్తులు, మహతులు, అమహత్తులని విభజింపబడినవి. అతడు ‘వచ్చినాడు’, ఆవు ‘వచ్చినది’ అని మనము క్రియను మార్తుము. ఇంగ్లీషున క్రియ మాఱదు. ‘హీ, షీ, ఇట్’ అను సర్వనామములే మాఱును. బహువచనమున మనుష్యులకును పశువులకును ‘దే’ యొక్కటియే. ఇచట మనకు పని తక్కువ.

సంఖ్యలో మాత్రము చిక్కు ఎక్కువ. నీళ్లు, పాలు, వడ్లు మనకు బహువచనములు. ‘వాటర్, మిల్క్, పాడీ’ ఇంగ్లీషున ఏకవచనములు. వానిని ఒకటి, రెండని లెక్కింపరాదు. దీనిని కంఠస్థము చేయ నక్కఱలేదు. లెక్కల పద్ధతి తెలిసిన చాలును. ‘పది పుట్ల వడ్లు’ అని వ్రాసినప్పుడు పది యను సంఖ్య పుట్లకు చెందినది, వడ్లకు కాదు. అట్లే ‘టెన్ బ్యాగ్స్ ఆఫ్ పాడీ’ యనునప్పుడు బహువచనము సంచికి వచ్చినది. రాశిగానున్న వస్తువును కొలపాత్రతో లెక్కింపవలెనన్న మన కళ్లపు నీతియే వారి సూత్రము. ఇక ‘షీప్’ ఒక గొఱ్ఱెకును మందకును ఒకటే రూపము. ‘కాటిల్’ ఎల్లప్పుడును బహువచనమే. ‘న్యూస్’ బహువచనమువలె కనబడును గాని ఏకవచనము.

సంజ్ఞానామములకు, అనగా వ్యక్తుల పేర్లకును ఊళ్ల పేర్లకును, ఇంగ్లీషున మొదటి యక్షరము పెద్దది. మన లిపిలో పెద్ద, చిన్న యక్షరముల భేదము లేదు గనుక పిల్లలు దీనిని మఱతురు. ఇంతకంటె ముఖ్యమైనది పేరు వ్రాయు విధము. ‘లక్ష్మి’ యను పేరును కొందఱు కె, ఎస్, హెచ్ అక్షరములతోను, కొందఱు ఎక్స్ అక్షరముతోను వ్రాయుదురు. మనకు ఇంటిపేరు ముందు, ఇంగ్లీషు పద్ధతిలో అది కడపట. బడి పత్రమున ఒక రీతిని, పట్టాదారు పాసుపుస్తకమున మఱియొక రీతిని ఉన్నచో ఒక్క మనిషి కాగితములపై ఇద్దఱగును. తన పేరును అన్ని పత్రములలో ఒకే రీతిని వ్రాయించుకొనుట ప్రతివారికిని మొదటి వ్యాకరణపాఠము.

పేరునకెంత బలము గలదో మన సీమయే చెప్పును. 1800లో నిజాము కుంపిణీకి ఇచ్చిన ఈ ప్రాంతము ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, అనగా దత్తమండలములు, అని పిలువబడెను. ఒకరు మఱియొకరికి ధారపోసిన సొత్తను అర్థము ఆ పేరుననే యున్నది. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును ప్రతిపాదించిరి. భూమి మాఱలేదు, వాన పెరుగలేదు. కాని జనులు తమ్మును తాము చూచుకొను చూపు మాఱినది.

మఱియొక మాట మన బ్రదుకునకు సంబంధించినది. వాన లేకున్నను కరువే, తిండి లేకున్నను కరువే యని మనము వ్యవహరింతుము. ఇంగ్లీషున వాన లేమి ‘డ్రౌట్’. జనులు అన్నము లేక మాడుట ‘ఫామిన్’. సంస్కృతమున అనావృష్టియు దుర్భిక్షమును వేఱైనట్లే ఇవియును వేఱు. 1876–78లో వచ్చిన ధాత కరువున మొదటిది రెండవదిగా మాఱినది. మొదటిదానిని మొదటి పేరుతో సకాలమున చెప్పుకొనుటయే రెండవది రాకుండుటకు మార్గము. అర్జీలో ఒక నామవాచకము తప్పినచో కోరిక యర్థమే తప్పును.

బ్రౌనుదొర 1820లో కడప చేరి, మన పండితుల సాయమున కృషి చేసి, 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అతడు మన భాషలోనికి రాగలిగినప్పుడు మన పిల్లలు ఆ భాషలోనికి పోలేరా? విద్యార్థులారా! ఈ గ్రంథాలయమున కూర్చుండి దినమునకు పది పేర్లు వ్రాయుడు. తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, లెక్కింపదగునా తగదా యను గుర్తు — ఈ మూడు గడులు చాలును. ఏడాది తిరుగునప్పటికి మూడువేల ఆఱువందల యేబది పేర్లు మీ సొత్తగును. ఏ కరువును ఆ సొత్తును హరింపజాలదు.