ఆక్రిలిక్ రంగులు - పలమనేరు మట్టి



బొమ్మలు వ్రాయ నేర్వగోరువారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: నీటిరంగులు కొనవలెనా, నూనెరంగులు కొనవలెనా? నీటిరంగు చవుకైనది, శుభ్రమైనది. కాని తప్పు దిద్దుకొననీయదు, తడి తగిలినచో చెదరిపోవును. నూనెరంగు గంభీరమైనది, కాని అవిసెనూనెతో నూరిన యా రంగు ఆరుటకు దినములు పట్టును, దళముగా పూసినచో వారములు పట్టును. టర్పెంటైను వాసనను ఇంటివారు సహింపరు. ఈ రెండింటి నడుమ మూడవ దారి చూపినవి ఆక్రిలిక్ రంగులు.

జర్మనీదేశపు రసాయనవేత్త ఆటో రోమ్ 1901లో ఆక్రిలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థములపై పరిశోధన వ్యాసము వ్రాసెను. నీటితో కలుపుకొనదగిన చిత్రకారుల రంగులు 1950వ దశకము నడుమ అమెరికాలో అంగళ్లకు వచ్చినవి. ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో 'ఎ బిగ్గర్ స్ప్లాష్' అను చిత్రమును ఈ రంగులతోనే వ్రాసెను. ఈతకొలనిలో ఎవరో దుమికినప్పుడు ఎగసిన నీటితుంపరలవి. రెండు క్షణముల ముచ్చటను వ్రాయుటకు ఆయనకు రెండు వారములు పట్టినది. మన తెలుగునాట తోట వైకుంఠముగారు పెద్ద కుంకుమబొట్లు గల తెలంగాణ పల్లెస్త్రీలను ఈ రంగులతో విరివిగా చిత్రించిరి.

ఈ రంగు స్వభావము తెలిసికొన్నచో దాని గుణములును చిక్కులును ఒక్కసారిగా బోధపడును. రంగుపొడిని పాలవంటి ద్రవములో కలుపుదురు. అందు కంటికి కానరాని ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుచుండును. నీరు ఆవిరియై పోగానే ఆ రేణువులు ఒకదానినొకటి అంటుకొని పొరగా నేర్పడును. ఆ పొర మరల నీటికి కరగదు. కావుననే ధారాళముగా నీరు కలిపి నీటిరంగువలె పలుచగా పరపవచ్చును. చిక్కగా కత్తితో పూసి నూనెరంగువలె ఎత్తుగా నిలుపవచ్చును. ఆరిన పొరపై వేరొక రంగు పూసినను క్రిందిది చెదరదు. కాగితము, గుడ్డ, కొయ్య, గోడ, కాల్చిన మట్టి, అన్నిటిపైనను నిలుచును.

చిక్కులును కలవు. ద్రవములోని తెలుపు ఆరినకొలది స్వచ్ఛమగును గనుక రంగు కొంచెము ముదురును. పీఠభూమిపై నున్న మా పలమనేరు చల్లని యూరేయైనను, వైశాఖపుటెండలో రంగు పళ్లెములోనే గట్టిపడును, నీరు చిలుకరించుచుండవలెను. కుంచెను తడి యారకముందే కడుగవలెను. లేనిచో అది పుల్లయే. నూనెరంగుపై దీనిని పూయరాదు, ఊడిపోవును.

ఇక మా యూరి మాట. చిత్తూరునుండి బెంగుళూరునకు పోవువారు పలమనేరు మట్టిబొమ్మల నెరుగుదురు. ఎర్రగా కాలిన ఆ మట్టిపై ఆక్రిలిక్ రంగు చక్కగా పట్టును. రంగు వేసిన బొమ్మ కొనువారి కంటిని త్వరగా ఆకర్షించును. కుమ్మరికి నాలుగు డబ్బులు వచ్చు పనిని నేను ఆక్షేపింపను. అయినను ఒక విచారము కలదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన రసములో నానబెట్టి, పటికనీటితో వ్రాసి, ఉడికించి ఎరుపును రప్పింతురు. ఆ రంగు నూలులోనికి దిగి గుడ్డతో ఏకమగును. ఆక్రిలిక్ రంగు అట్లు కాదు. అది పైని కప్పు పొర. దేనిని కప్పుచున్నామో ఆలోచింపక పూసినచో వస్తువు గుణమే చెడును.

నీళ్లకడవను చూడుడు. దాని గోడలోని సన్నని రంధ్రములగుండ నీరు పైకి ఊరి, గాలికి ఆవిరియగుచు, లోని నీటి వేడిమిని హరించును. అందుచేతనే కడవనీరు చల్లగా నుండును. అందముకొరకు దాని నఖిలము ఆక్రిలిక్ రంగుతో కప్పినచో రంధ్రములు మూసికొనిపోవును. కడవ చెమర్చదు, నీరు చల్లబడదు. పూలకుండీలో లోపలి తడి బయటికి రాజూచి రంగుపొరను పొక్కించి ఊడగొట్టును.

కావున గోడకు వ్రేలాడు ఫలకమునకు, ఇంట నిలుపు గుఱ్ఱమునకు ఇష్టమైనన్ని రంగులు వేయవచ్చును. ముందుగా దుమ్ము తుడిచి, తడి పూర్తిగా ఆరనిచ్చి, అస్తరు పూసి పిదప రంగు వేయవలెను. నీళ్లకడవకు మెడచుట్టు ఒక పూలతీగ చాలును. కడుపును మట్టికే విడువవలెను. వంటపాత్రలకును, త్రాగు పాత్రల లోపలి భాగమునకును ఈ రంగు తగులరాదు. ప్రమిదలో వత్తి యుండు అంచును విడిచిపెట్టవలెను.

విద్యార్థులకు నా సలహా ఒక్కటి. పెద్ద పెట్టెలు కొననక్కరలేదు. ఎరుపు, పసుపు, నీలము, తెలుపు, ఈ నాలుగును, రెండు కుంచెలును, ఒక మంటిపలకయు చాలును. పలకలో సగము రంగు వేసి, సగము ఎర్రమట్టిని అట్లే యుంచి బొమ్మ కట్టి చూడుడు. రంగు చేయగల పని యేదో, మట్టి తానే చేయు పని యేదో ఆ యొక్క పలకయే మీకు నేర్పును.