కొత్తగా వచ్చిన ఇల్లాలికి బండి నేర్పుట
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభలలో భాషను గురించి, సంస్కృతిని గురించి మాట్లాడుట ఆనవాయితీ. ఆ విషయములు చెప్పదగిన పెద్దలు వేదికమీదనే ఉన్నారు. మేము రైల్వేలో కలము పట్టుకొని బ్రతికేవాళ్ళము. మాకు తెలిసినది చిన్న సంగతి. మన ఊళ్ళనుండి పెండ్లి చేసుకొని ఈ చంద్రపూరుకు తీసుకొని వచ్చిన ఇల్లాలికి స్కూటరు నడుపుట నేర్పడం ఎట్లాగన్నదే ఆ సంగతి. నవ్వేవారు నవ్వవచ్చును. నవ్విన తరువాత కొంచెము వినండి.

మన కోడళ్ళు చాలామంది కాగజ్‌నగర్, మంచిర్యాల, పెద్దపల్లి, జమ్మికుంట వైపునుండి వచ్చినవారే. కాజీపేట - బల్లార్షా లైను 1929లో పూర్తి అయినప్పటినుండి ఢిల్లీ, మద్రాసు బండ్లు ఈ దారినే పోతున్నవి. బల్లార్షా మధ్య రైల్వేది, తరువాతి స్టేషను మాణిక్‌గఢ్ దక్షిణ మధ్య రైల్వేది. రైలుకు సరిహద్దు అంతే. ఇరవై రెండేండ్ల పిల్లకు మాత్రము అట్లా కాదు. అక్కడ ఆమె ఒంటరిగా కాలేజీకి పోయినది, బ్యాంకుకు పోయినది, సంతకు పోయినది. ఇక్కడ దిగిన మరునాటినుండి కూరగాయలకు కూడ భర్త డ్యూటీ దిగి వచ్చేదాక కనిపెట్టుకొని ఉండవలెను. భాష రాదు, దారి తెలియదు, చేతిలో బండి లేదు.

మా క్వార్టర్ల వరుసలో జరిగిన ఒక సంగతి చెబుతాము. భర్తకు రాత్రి డ్యూటీ. ఇంట్లో తల్లి, రెండేండ్ల పాప. అర్ధరాత్రి దాటిన తరువాత పాపకు జ్వరము పెరిగి కండ్లు తేలవేసినది. స్కూటరు వాకిట్లోనే ఉన్నది. తాళపుచెవి గూటిలో ఉన్నది. పెట్రోలు కూడ ఉన్నది. ఆ తల్లికి నడపడం రాదు. ఆటోవానికి ఫోను చేస్తే ఎక్కడికి రావలెనో చెప్పుటకు మాట రాలేదు. పాపను భుజాన వేసుకొని పెద్ద రోడ్డుదాక నడిచినది. గనికి పోయే కార్మికుడొకాయన చూచి బండి ఆపి ఎక్కించుకొని పోయి ఆసుపత్రి దగ్గర దించినాడు. పాప బాగున్నది, ఇప్పుడు బడికి కూడ పోతున్నది. ఆ మరునాడు ఆమె భర్తతో అన్న మాట మాత్రము మా వరుసలో ఎవరూ మరువలేదు. "నాకు నగలొద్దు, చీరలొద్దు. ఆ బండి నేర్పుండ్రి" అన్నది.

మగవారు సాధారణముగా చెప్పే జవాబు మీకందరికీ తెలిసినదే. "నేనున్న గదా, నీకెందుకు?" ప్రేమతోనే అంటారు, కాదనము. కాని రైల్వేవాడు, గనివాడు, థర్మల్ కేంద్రములో పనిచేసేవాడు షిఫ్టు మనుషులు. "నేనున్న" అన్న మనిషి రాత్రి రెండు గంటలకు యార్డులో ఉంటాడు. అత్తగారు "పడితే కాలు ఇరుగుతది" అంటుంది. అదీ నిజమే. అందుకే పడకుండ నేర్చుకొనే పద్ధతి కావలెను.

ఈ పని మన పెద్దల కాలములో ఇంత సులభముగా ఉండేది కాదు. గేర్ల స్కూటరును ఎడమచేతితో క్లచ్చి పట్టి, పిడి తిప్పి, కాలితో కిక్కు కొట్టి నడపవలెను. పుణె కైనెటిక్‌వారు 1972లో లూనాను, 1984లో కైనెటిక్ హోండాను తెచ్చిన తరువాత గేర్ల బాధ లేని బండ్లు మధ్యతరగతి ఇండ్లకు చేరినవి. ఇప్పుడు మీట నొక్కితే స్టార్టయ్యే బండి ప్రతి ఇంటి ముందరా ఉన్నది.

ఇక నేర్పే విధానము. మొదటి రెండు రోజులు ఇంజను స్టార్టు చేయనే కూడదు. బండి నూరు కిలోలకు పైబడి ఉంటుంది. ముందు ఆ బరువు చేతులకు అలవాటు కావలెను. స్టాండు వేయడం, తీయడం, ప్రక్కన నిలబడి తోసుకొని పోవడం, వెనుకకు లాగడం. తరువాత కొంచెము వాలుగా ఉన్న చోట సీటుమీద కూర్చుండి, ఇంజను లేకుండనే, పాదములు నేలకు ఆనీ ఆననట్లు ఉంచి జారుతూ ఎడమచేతి బ్రేకుతో ఆపడం. సైకిలు వచ్చినవారికి ఇది ఒక్క పూట పని. రానివారు సీటు దించిన సైకిలు ఒకటి తెచ్చుకొని ముందు తూకము నేర్చుకొనుట మంచిది. ముప్పయి ఏండ్ల ఆడమనిషి సైకిలెక్కితే చూచి నవ్వేవారు ఎక్కడైనా ఉంటారు. మన సంఘములోనూ ఉన్నారు. వారిని పట్టించుకోవద్దు.

ఇంజను పెట్టిన రోజున అసలు ప్రమాదము ఒక్కటే. భయము వేసినప్పుడు మనిషి పట్టు బిగిస్తాడు. కుడి పిడికిలి బిగిసి మణికట్టు వంగితే రేసు పెరుగుతుంది, బండి ముందుకు దుముకుతుంది. దానితో భయము హెచ్చి పట్టు ఇంకా బిగుస్తుంది. వెనుక కూర్చున్నవాడు "బ్రేకు! బ్రేకు!" అని అరచినకొద్దీ ఇది పెరిగేదే కాని తగ్గేది కాదు. గనుక భయము వేయగానే మొదట కుడిచేయి వదులు చేయుట, తరువాత బ్రేకు. ఈ వరుసను ఇంజను ఆపి ఉన్న బండిమీదనే నూరుసార్లు చేయించవలెను. చేతికి అలవాటైనది బుద్ధికంటె ముందు పనిచేస్తుంది. ముందు చక్రపు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే, ముఖ్యముగా ఇసుకమీద, బండి జారుతుంది. రెండు బ్రేకులు కలిపి మెల్లగా పట్టుట నేర్పండి. వేగము రెట్టింపయితే బ్రేకు పట్టిన తరువాత బండి సాగే దూరము దాదాపు నాలుగింతలు అవుతుందని కూడ చెప్పండి. చెప్పడమే కాక మైదానములో ఇటుకలు పెట్టి చూపించండి.

చీర కొంగు, చున్నీ నడుముకు చుట్టి ముడివేయనిదే బండి ఎక్కరాదు. వెనుక చక్రమునకు బట్టలు చిక్కకుండ అడ్డు ఉండవలెనని మోటారు వాహనముల నిబంధనలలోనే ఉన్నది. కొందరు అందము చెడిపోతుందని దానిని విప్పించివేస్తున్నారు. అందముకంటె ప్రాణము ముఖ్యము గదా.

మైదానము దాటి రోడ్డుమీదికి వచ్చినాక అసలు పాఠము మొదలగును. అది ఊరిని నేర్పడం. ఇక్కడి బోర్డులు మరాఠీలో ఉంటవి. లిపి హిందీదే గనుక బడిలో హిందీ చదివిన పిల్ల చదువగలదు, అర్థము మాత్రము పట్టి ఇవ్వవలెను. గతిరోధక్ అంటే స్పీడు బ్రేకరు. ప్రవేశ్ బంద్ అంటే లోపలికి పోరాదు. వళణ్ అంటే మలుపు. సావకాశ్ అంటే నెమ్మదిగా. మన సావకాశమే అది, తెలుగులో తీరుబడి అయినది, మరాఠీలో నిదానమైనది. థాంబా అంటే ఆగు. బస్సు స్టాపును కూడ థాంబా అనే అంటారు. డావీకడే, ఉజవీకడే అన్న రెండు మాటల దగ్గర కొత్తవారు తికమక పడతారు. మా పెద్దలు నాగలికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటెద్దు అనేవారు. దాపట, డావీ రెండూ ఎడమే. ఇది చెప్పిన తరువాత మా వరుసలో ఎవరూ తప్పుదారి తిరుగలేదు.

మొదట వరోరా నాకా వంటి వెడల్పు రోడ్లలో, ఉదయము ఆరు గంటలకు తిప్పవలెను. గోండు రాజుల కోటగోడ ద్వారములు చూచుటకు బాగుంటవి కాని జట్‌పురా గేటు వంటి ఇరుకు దారిలో సాయంత్రము పూట బండి నడుపుట పాతవారికే పరీక్ష. అది చివరి పాఠము. ఎండకాలములో 45 డిగ్రీలు దాటే ఊరు గనుక ఏడున్నరకు ముగించుట మంచిది.

బొగ్గు లారీలను గురించి ఒక్క మాట. లారీకి మరీ దగ్గరగా ఎడమవైపు ఉన్న స్కూటరు డ్రైవరుకు కనబడదు. లారీ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రములు పోయిన దారిన వెనుక చక్రములు పోవు, లోపలివైపుకు వస్తవి. కనుక మలుపు తిరిగే లారీకి ఎడమ ప్రక్కన సందు ఎంత ఉన్నా దూరరాదు, వెనుకనే ఆగవలెను. ఈ ఒక్క పాఠము పూర్తిగా వంటబట్టిందని తోచేవరకు ఒంటరిగా పంపవద్దు.

లైసెన్సు సంగతి. లైసెన్సు లేనివారు నడిపితే 5,000 రూపాయల జరిమానా. వారికి బండి ఇచ్చిన యజమానికి కూడ అంతే. 2019 సవరణ తరువాతి మాట ఇది. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పయి రోజులు గడిచిన తరువాత పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. మహారాష్ట్రలో 2021నుండి ఆధారు ఉన్నవారు లెర్నరు పరీక్షను ఇంట్లో కూర్చుండి ఇవ్వవచ్చును. నూటికి అరవై రావలెను. మనవారికి చిక్కు వచ్చేది చిరునామా దగ్గర. కార్డుమీద పుట్టింటి చిరునామా ఉంటుంది. 2023నుండి ఇంటి పెద్ద సమ్మతితో, పెండ్లి సర్టిఫికెట్ చూపి, ఆధారులో చిరునామా మార్పించుకొను సదుపాయము ఉన్నది. ముందు అది చేయించండి. తెలంగాణలోనే లైసెన్సు తీసుకొన్నవారికి ఈ శ్రమ లేదు, అది దేశమంతటా చెల్లుతుంది. బండి సంగతి వేరు. పుట్టింటినుండి వచ్చిన బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే ఎంహెచ్-34 నంబరు వేయించవలసినదే.

మనమే ఇట్లా ఉన్నామని అనుకోనక్కరలేదు. సౌదీ అరేబియాలో 2018 జూన్ 24నుండిగాని స్త్రీలు కారు నడుపుటకు వీలు కలుగలేదు. అమెరికాలో హెచ్-4 వీసామీద పోయిన మన ఆడపిల్లలలో కొందరికి 2015 మే నెలనుండి ఉద్యోగము చేయుటకు అనుమతి దొరికినది. కాని చాలా ఊళ్ళలో కారు రానిదే ఆ ఉద్యోగమునకు పోలేరు. పైగా అక్కడ రోడ్డుకు కుడి ప్రక్కన నడపవలెను. గుంటూరులో పదేండ్లు నడిపిన పిల్ల కూడ మళ్ళీ మొదటినుండి నేర్చుకోవలసినదే.

చివరకు, ఎవరు నేర్పవలెను? మేము చూచినంతవరకు భర్త మంచి గురువు కాడు. మైదానములో తూకము నేర్పేవరకు సరే. రోడ్డెక్కినాక ఇంట్లోని తగవులన్నీ బండిమీదికి వస్తవి. "మొన్న మీ అన్న వచ్చినప్పుడు" అని మొదలుపెట్టినవానిని మేము ఎరుగుదుము. రోడ్డుమీద తోడు కూర్చొనుటకు లైసెన్సున్న ఆడవారు, అక్కో వదినో ఉంటే మేలు. నిబంధన ప్రకారము కూడ నేర్చుకొనేవారి వెనుక లైసెన్సు ఉన్నవారే కూర్చోవలెను, ముందు వెనుక తెల్లని పలకమీద ఎర్రని ఎల్ అక్షరము ఉండవలెను. ఆ రాత్రి పాపను ఎత్తుకొని నడిచిన తల్లి ఇప్పటికి మా వరుసలో ముగ్గురికి నేర్పినది. గట్టిగా అరవదు. "జర నిమ్మళంగ, చెల్లె" అని ఒక్క మాట అంటుంది, బండి నిమ్మళంగ పోతుంది.

చైత్ర పౌర్ణమికి మహాకాళి జాతర ఉన్నది. యాత్రికులతో గుడి వైపు దారులు నిండిపోతవి గనుక కొత్తవారు ఆ రోజులలో అటు పోవద్దు. జాతర అయిన మొదటి ఆదివారము ఉదయము ఐదున్నరకు మా క్వార్టర్ల వెనుక మైదానమునకు రండి. నడిపేవారికి, వెనుక కూర్చొనేవారికి చెరొక హెల్మెటు తెచ్చుకోండి. భర్తలు ఫ్లాస్కులో టీ తెచ్చి గట్టుమీద కూర్చుంటే చాలు.